కాకి ముట్టని ముద్ద

నేను అక్షరాలు నేర్చిందే అరవై దాటాక. రాత నెమ్మది, తప్పులూ ఉంటాయి. మన్నించి చదవండి.

“ఆ ఫోటో తీసెయ్యి!” తిరుపతమ్మ అరిచింది.

కోడలు మరిసోల్ తీయలేదు. బంతిపూల మధ్య, తలపాగా పెట్టుకున్న తన ముత్తాత ఫోటో పక్కనే, భర్త తేజేశ్వర్ ఫోటో నిలబెట్టింది. ఆ ముత్తాత పంజాబీ, ముత్తవ్వ మెక్సికన్. చనిపోయినవాళ్ళు ఏటా ఈ రోజున ఇంటికి భోజనానికి వస్తారని, కాలిఫోర్నియాలో స్థిరపడ్డ ఆ కుటుంబం నమ్మకం.

“ఫోటో లేకపోతే తేజ్‌కి దారి తెలీదు, అత్తమ్మా.”

“నోర్ముయ్. నదిలో పడవ దొరికింది గానీ మనిషి దొరికాడా?”

“పదకొండు రోజులైంది. పోలీసులు సెర్చ్ ఆపేశారు.”

“వాళ్ళు ఆపితే నా కొడుకు పోయినట్టేనా? నీకెంత తొందరే!”

మరిసోల్ కళ్ళు తుడుచుకుంది. “తొందర కాదు. ఆకలితో తిరుగుతాడు అని.”

తిరుపతమ్మ కోడలి పక్కన కూర్చుంది. తర్వాత అంది:

“సరే, ఇద్దరికీ పెరట్లో పెడదాం. మీ ముత్తాతకి రొట్టె, బీన్స్. వీడికి గోంగూర ముద్ద. గంటసేపు చూద్దాం. కాకి ముట్టకపోతే నా కొడుకు బతికున్నట్టే. అప్పుడు తీస్తావా ఫోటో?”

“తీస్తా. ముట్టుకుంటే?”

తిరుపతమ్మ గిన్నె అందుకుంది.

అన్నం ఆవిడే కలిపింది. ముద్ద పెట్టాక మాత్రం అక్కడ నిలబడలేకపోయింది. “నువ్వు చూడు. నావల్ల కాదు,” అని గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

గంట తర్వాత వచ్చి చూసింది. రొట్టె పళ్ళెం ఖాళీ. ముద్ద మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉంది.

“రాలేదు! వాడు రాలేదే!” కోడల్ని వాటేసుకుని ఏడ్చింది, నవ్వింది.

“రాలేదు, అత్తమ్మా.”

మరిసోల్ వెళ్ళి ఫోటో తీసి సొరుగులో పెట్టింది.

“ఆకలేస్తోందే. ఆ గిన్నెలో కలిపిందే కాస్త పెట్టు,” అంది తిరుపతమ్మ. ఈ పదకొండు రోజుల్లో ఆవిడ నోరు తెరిచి అన్నం అడగడం అదే మొదలు.

“ఒక్క నిమిషం. వేడిగా వండుతా,” అంటూ మరిసోల్ అటు తిరిగి బియ్యం కడిగింది.

కాకులు మూడుసార్లు ముద్ద తినేస్తే, తను నాలుగోసారి పెట్టేసరికి గిన్నెలో మెతుకు మిగల్లేదు.

— గుర్రం ధనమ్మ, డెబ్బై మూడేళ్ళు, ఇప్పుడు ఉండేది ఫ్రిస్కో, టెక్సాస్.