వెనకావిడ చీర

సూరత్ బట్టల మార్కెట్లో హేతల్ కొట్టుకి మనుషులు రావడం ఎప్పుడో మానేశారు. అందరూ కొట్లు కట్టేసి వెళ్లాక, ఆమె ఒక్కతే ఫోను ముందు నిలబడి లైవ్‌లో చీరలు చూపించేది. ఏ రాత్రీ చూసేవాళ్లు పదిమంది దాటలేదు.

ఆ రాత్రి ఫోను తెర మీద ఎవరో రాసి అడిగారు. "హేతల్‌బెన్, మీ వెనక కూర్చున్నావిడ కట్టుకున్న ఎర్ర బాంధనీ చీర ఎంత?"

హేతల్ చటుక్కున తిరిగి చూసింది. చీరలు పరిచి చూపించే తెల్లటి పరుపు ఖాళీగా ఉంది. "ఎవరూ లేరమ్మా, పరాచికాలాడకండి!" అంది నవ్వడానికి ప్రయత్నిస్తూ.

"అయ్యో, మీ భుజం మీంచి మమ్మల్నే చూస్తోందిగా!"

"నాకూ అదే కావాలి బెన్."

"నాకు రెండు."

చూసేవాళ్లు వందలయ్యారు. ఫోనులో హేతల్‌కి తన ముఖం తప్ప వెనక ఇంకెవరూ కనిపించడం లేదు. వీధిలో కుక్కల అరుపులు కూడా ఆగిపోయాయి. లైవ్ ఆపేద్దామని వేలు చాచింది. ఆపితే వీళ్లు మళ్లీ రారు. వేలు వెనక్కి తీసుకుంది.

"పన్నెండు వందలు," అంది.

వెంటనే తెర మీద ఇంకొకరు రాశారు.

"ఆవిడ వద్దని తల ఊపుతోంది బెన్. లేచి మీ దగ్గరికే వస్తోంది."

హేతల్ ఈసారి వెనక్కి తిరగలేదు. ఇంకో చీర మడత విప్పింది.

"ఇది చూడండమ్మా," అంది. "రంగు అస్సలు పోదు."