కుక్కరు అత్తరు

"దీన్ని యంత్రం అంటారటమ్మా? గిన్నెల మీద గిన్నెలు పేర్చి పిల్లలు ఆడుకుంటారు చూడు, అదీ ఇది!" అన్నాడు మామగారు, వంటింటి గుమ్మం దగ్గర కుర్చీలోంచి లేవకుండానే.

కోడలు పాత కుక్కరు మూతకి రాగి గొట్టం బిగించింది. అందులోంచి వచ్చే ఆవిరి, నిమ్మగడ్డి కూరిన స్టీలు డబ్బాలోకి వెళ్లాలి. అక్కణ్ణించి చన్నీళ్ల బకెట్లో మునిగిన గొట్టం చుట్టల్లో చల్లబడి, గడ్డిలోని నూనెతో సహా సీసాలోకి దిగాలి.

ఆయన ముప్ఫై ఏళ్లు అత్తర్ల కంపెనీలో పనిచేశాడు. ఆయన ఊఁ అంటేగానీ సీసాకి మూత పడేది కాదు. ముక్కు మాస్టారనేవాళ్లు. అలాంటి మనిషి ముందు కుక్కరు పెట్టుకు కూర్చుంది. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే!

మొదటిరోజు అతుకుల్లోంచి ఆవిరి బుసకొట్టింది. ఆమె మైదాపిండి కలిపి అతుకులకి మెత్తింది.

"గొట్టాలకీ ముద్దలు తినిపిస్తున్నావా?" అని నవ్వాడు.

రెండోరోజు ఉత్త నీళ్లే వచ్చాయి.

"మంచినీళ్లు కనిపెట్టావు. శభాష్!"

మూడోరోజు ఆమె పెరట్లో గడ్డి కోస్తోంది. ఉన్నట్టుండి పరుగెత్తుకొచ్చి పొయ్యి కట్టేసింది.

"పక్కనే ఉన్నారు కదా మావయ్యా, పాలు మాడిపోయాయి!"

ఆయన పేపరు అడ్డం తియ్యలేదు. "నన్ను పాలకి కాపలా పెట్టావా?"

నాలుగోరోజు గడ్డిని వదులుగా కూరింది. గంట తిరిగేసరికి సీసాలో నీళ్ల మీద లేత పసుపు నూనె తేలింది. దాన్ని సిరంజితో లాగి చిన్న బుడ్డిలో పోసి తెచ్చింది.

"సబ్బులు చేసే ఆవిడ, మీ మామగారు బాగుందంటే చాలు, ఎంత తీస్తే అంత తీసుకుంటానంది మావయ్యా."

ఆయన కాగితపు పీలిక నూనెలో ముంచాడు. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు.

"మాడు కంపు. మంట అలా ఎగదోస్తే ఏమవుతుంది మరి? పారబొయ్యి."

"నాకైతే బాగానే ఉంది మావయ్యా. ఇంకొక్కసారి చూడండి."

"నీ ముక్కెంత, నువ్వెంత! ఒకసారి చూడటమే ఎక్కువ."

ఆమె పెదవి బిగబట్టి వెళ్లి, వీధివైపు కాలవలో బుడ్డి బోర్లించింది.

నిమిషం తిరక్కుండా పై వాటా కిటికీ తెరుచుకుంది.

"ఎవరింట్లోనమ్మా ఈ వాసన? ప్రాణం లేచొచ్చింది!"

సైకిలు మీద పోతున్న దర్జీ కూడా ఆగి గుండెనిండా పీల్చాడు. కోడలు వెనక్కి తిరిగి ఆయన వంక చూసింది.

"గాడిదలకేం తెలుసు గంధం వాసన!" అని విసురుగా లేచాడాయన. గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాడు. చేతిలో మిగిలిన పీలికని ముక్కుకి అదిమి, గుండెలు నొప్పెట్టేదాకా పీల్చాడు.

మూడేళ్ల కిందట జ్వరంతో మొద్దుబారిన ఆ ముక్కుకి ఇవాళా ఏ వాసనా తగల్లేదు.