రెండు గీతలు, ఒక చుక్క

"అమ్మాయి మెయిల్ అడ్రస్‌లో రెండు గీతలూ ఒక చుక్కా పెట్టమన్నారు. పెట్టాం. ఇంటర్వ్యూ లెటర్ అందకుండా పోయిందండీ!" అన్నాడు కృష్ణబాబు, చెప్పులైనా విడవకుండా.

ఏలూరు పవర్‌పేటలో పేర్లకి సంఖ్యలు చూసే హనుమంతరావు పడక్కుర్చీలోంచి కదల్లేదు. "కూర్చోండి. మెయిల్ ఎక్కడికి పోతుందండీ?"

"వెనక్కి పోయింది," అంది కృష్ణబాబు కూతురు హారిక. "అప్లికేషన్‌లో మెయిల్ అడ్రస్ కింద కంప్యూటరే ఓ గీత గీసేసింది. మీ గీతలు రెండూ అందులో కలిసిపోయాయి. వాళ్లకి కనబడక, అవి లేకుండానే కొట్టి పంపారు."

"ఫోన్ చేసి చెప్పాల్సిందమ్మా!"

"నేనే చేశానండీ!" కృష్ణబాబు గొంతు లేచింది. "పేరు తర్వాత కింద గీత, మళ్లీ కింద గీత, చుక్క అన్నాను. 'పేరు కిందాండీ, పక్కనా?' అంది కంపెనీలో ఆవిడ. పక్కనేనండీ, కాకపోతే కిందకి అన్నాను. ఫోన్ పెట్టేసింది."

హనుమంతరావు చుట్టూ ఉన్న దేవుడి పటాలకేసి చూశాడు.

కృష్ణబాబు కొల్లేరు లంకలో చేపల చెరువు కాపలాదారు. కూతుర్ని బీకాం చదివించాడు. ఏలూరు చేపల మేత కంపెనీలో అకౌంట్స్ పోస్టు ఉన్నదే ఒకటి. నిన్ననే ఎవర్నో తీసేసుకున్నారు.

"ఉత్త పేరు చాలు నాన్నా అని ఇది మొత్తుకుంది. ఏ కంపెనీ, ఏ పోస్టు అని గుచ్చిగుచ్చి అడిగి మరీ వేయించారు కదండీ మీరు!"

"ఆ కంపెనీ సంఖ్య ఎనిమిదండీ. శని. గీతలు లేకపోతే ఇంకెంత నష్టం జరిగేదో!"

"జరగడానికి ఇంకేం మిగిలిందండీ?"

లోపల్నించి బూరెల వాసన వస్తోంది. హనుమంతరావు భార్య శేషారత్నం పళ్లెం పట్టుకుని నవ్వుతూ బయటికొచ్చింది. "వేడివేడిగా ఉన్నాయి, తీసుకోండన్నయ్యగారూ."

"ఇప్పుడెందుకు, లోపలికెళ్లు!" హనుమంతరావు గబుక్కున కుర్చీలోంచి లేచాడు.

"మీరుండండి. శుభమా అని మా సాయిచరణ్‌కి ఉద్యోగం వస్తే! చేపల మేత కంపెనీలోనమ్మా, అకౌంట్స్. తీసుకో."

హారిక చెయ్యి చాచలేదు. "మీ అబ్బాయి మెయిల్‌లో ఎన్ని గీతలండీ?"

"గీతలా? ఒకటుండేదమ్మా. గీతలుంటే ఉత్తరాలు సరిగా చేరవని, ఈయనే దగ్గరుండి తీయించేశారు."