గుట్ట దాటితే చాలు

సైకిలు చక్రం ఇసుకలో దిగబడి ఆగిపోయింది. వెనక క్యారియర్ మీద గడ్డిమూటను వాటేసుకుని కూర్చున్న పుష్పలత దబ్బున దూకింది.

"ఖలాస్. ఇంక నడకే," అంది.

ఆయన తలూపి దిగాడు. దవడ చుట్టూ తువ్వాలు బిగించి కట్టి ఉంది.

ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగి వారం దాటింది. వఫ్రాలో పుష్పలత పనిచేసే తోటను సైనికులు రోజూ గాలిస్తున్నారు. తోట యజమాని, అంటే ఆమె కఫీల్, పోలీసు అధికారి. దొరికితే కాల్చేస్తారు. దాచిపెట్టినవాళ్లనూ వదలరు. ఇంకా అక్కడుండటమంటే పులిబోనులో కాపురమే! ఎదురుగా ఉన్న రాతిగుట్ట దాటితే సౌదీ దారి. అది దాటితే చాలు.

ఆయన సైకిలు నెడుతున్నాడు. ఆమె వెనకనుంచి మూటను తోస్తోంది. అడుగు వేస్తే రాళ్లు జారుతున్నాయి. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఇన్నేళ్లూ ఆయన నీడనే బతికింది. ఆయనకేమైనా అయితే?

"యల్లా, యల్లా," అంటూ తోసింది. దేవుని కడప వెంకన్న మొదలు, గుర్తొచ్చిన దేవుళ్లందరికీ మొక్కింది.

గుట్టమీదికి చేరారో లేదో, తుపాకులు ఎదురొచ్చాయి. కొంప మునిగింది! కిందనుంచి కనిపించని డేరా, నలుగురు సైనికులు. పొయ్యి దగ్గర, వాళ్లు వంటకోసం పట్టుకొచ్చిన మనిషొకడు.

ఒక సైనికుడు తుపాకీ కత్తితో మూటను కసకసా పొడిచాడు. పుష్పలత పైప్రాణాలు పైనే పోయాయి. గడ్డి, రొట్టెలు, నీళ్లసీసా. ఇంకేం లేవు. వాడు ఆయన ఇఖామా, అంటే గుర్తింపు కార్డు, లాక్కుని వెలిసిపోయిన ఫొటోనూ ఎదురుగా ఉన్న గడ్డం మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. అనుమానం తీరలేదు. వంటమనిషిని కేకేసి ఏదో అడగమన్నాడు.

"నా పేరు జిలానీ బాషా, మాది రాయచోటి," అన్నాడు వంటమనిషి. "ఈయన నీకేమైతాడో అడుగుతాండారు."

"నా మొగుడన్నా. పంటివాపు, నోరు తెరవలేడు. గుట్టవతల గొర్రెలకు గడ్డి తీసకపోతాండాం."

"పేరు?"

"గంగులయ్య," అంది టక్కున. తడబడితే చస్తామని ఆమె భయం.

జిలానీ ఆమెను ఎగాదిగా చూశాడు. ఆయన్నీ చూశాడు. అంతలో జిలానీ పకపకా నవ్వి, ఆయన భుజం మీద చరిచాడు.

"ఓరి, మా ఊరి గంగులన్న!" అని సైనికుల వైపు తిరిగి అరబ్బీలో గడగడా ఏదో చెప్పాడు.

సైనికుడు ఇఖామా విసిరేశాడు. వచ్చేటప్పుడు ఒక గొర్రెను తెచ్చిమ్మని హుకుం చేసి, పొమ్మన్నాడు.

బతుకుజీవుడా అనుకుంది పుష్పలత. దిగుడులో సైకిలు జారకుండా పట్టుకుంటూ జిలానీ కొంతదూరం సాయం వచ్చాడు. డేరా కనుమరుగయ్యాక గొంతు తగ్గించాడు.

"కింద ఇంకో చెక్‌పోస్టు ఉంది. ఆడ అరబ్బీలోకి తిప్పి చెప్పేదీ మన పక్కోడే, కానీ మంచోడు కాదు," అన్నాడు. "వాడు పేరడిగితే సిగ్గుపడి తలొంచుకో తల్లీ, మన ఆడోళ్లు మొగుని పేరు అంత టక్కున చెప్పరు, నువ్వట్ల చెప్తే ఈయన మీ కఫీలని నా మాదిరే వాడూ కనిపెడతాడు."