జీర

"ఆపు!" హోటల్ యజమాని బల్ల మీద అరచేత్తో కొట్టాడు. పాట సగంలో తెగిపోయింది. "నీ గొంతుకేమైంది?"

"ఏం కాలేదండీ. బాగైంది," అంది గాయని.

నిజంగా బాగైంది. హోటల్లో సిగరెట్లు కాల్చకూడదన్న నిషేధం వచ్చి ఆరు నెలలు దాటింది. తెరలకు పట్టిన కంపు పోయింది. వడ్డించేవాళ్ళ కళ్ళమంటలు తగ్గాయి. పుట్టి బుద్ధెరిగి ఒక్క సిగరెట్టూ ముట్టని ఈవిడకు పొద్దున్నే వచ్చే దగ్గు కూడా మాయమైంది. దాంతోపాటే గొంతులోని జీర కూడా చక్కా పోయింది. పాడు జనం, వాళ్ళు వచ్చేదే ఆ జీర కోసం.

"బాగైతే నాకేం ఒరిగింది? నున్నటి గొంతులు రేడియోలో ఊరికే వస్తాయి. సాయంత్రం ఇంకో అమ్మాయి వస్తోంది. ఇద్దరూ ఒకే పాట పాడండి. జీర ఎవరి గొంతులో ఉంటే ఈ స్టేజీ వాళ్ళది."

ఆమెకు ఇంటద్దె, పిల్ల చదువు, అత్తగారి మందులు, అన్నీ ఈ మైకు మీదే నడుస్తున్నాయి.

సాయంత్రం దాకా ఆమె చేయని ప్రయత్నం లేదు. ఐసుముక్కలు నమిలింది. తలుపేసుకుని గొంతు చించుకుంది. చివరికి సిగ్గు విడిచి హోటల్ వెనక గోడ దగ్గరికి వెళ్ళింది. లోపల కాల్చనివ్వకపోవడంతో సిగరెట్టు కాల్చేవాళ్ళంతా ఇప్పుడు చేరేది అక్కడే.

"నువ్విక్కడెందుకమ్మా? అంతా పొగ!" వంటమాస్టరు సిగరెట్టున్న చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"దాచొద్దన్నా. నా మొహం మీదికి ఊదు."

"పిచ్చా నీకు? ఇన్నేళ్ళూ ఆ దగ్గుతో చచ్చి బతికావు!"

"ఊదమంటున్నానా!"

ఊదాడు. ఆమె కళ్ళు మూసుకుని ఆబగా పీల్చింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. గొంతు మాత్రం కడిగిన గాజుగ్లాసులా అలాగే ఉంది.

కొత్తమ్మాయి వచ్చింది. పాతికేళ్ళు కూడా ఉండవు. మైకు పట్టుకోవడం కూడా సరిగ్గా రాలేదు. కానీ నోరు తెరవగానే గాయని ఒళ్ళు జలదరించింది. అది అచ్చం తన పాత గొంతే. పల్లవి అయ్యాక ఆ పిల్ల పక్కకు తిరిగి దగ్గింది. యజమాని చరణం దాకా కూడా ఆగలేదు.

"రేపట్నుంచి నువ్వే!"

గాయని వైపు చూడనైనా చూడలేదు, పాడమని అడగనూ లేదు. ఆమెకు కడుపు మండిపోయింది. మెట్ల దగ్గర ఆ పిల్లకు అడ్డంగా నిలబడింది.

"నిజం చెప్పు. రోజుకెన్ని కాలుస్తావు?"

"ఛీ! నేనా? చేత్తో కూడా ముట్టనక్కా."

"అయితే ఏ హోటల్లో పాడేదానివి? అక్కడింకా కాల్చనిస్తున్నారా?"

"ఏ హోటలూ లేదక్కా. స్టేజీ ఎక్కడం ఇదే మొదలు."

"మరి ఆ జీర ఎక్కడిదే?"

కొత్తమ్మాయి పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మళ్ళీ దగ్గింది.

"నాదీ మొన్నమొన్నటిదాకా మామూలు గొంతేనక్కా. హోటళ్ళలో కాల్చనివ్వట్లేదుగా, మా ఆయనా ఆయన స్నేహితులూ ఇప్పుడు మా ఒంటిగదిలోనే కూర్చుంటున్నారు."