కట్ట కింద ఇరవై రెండిళ్ళు

నాగయ్య తన్నిన తన్నుకు పొయ్యిమీది అన్నం కుండ గోడకు తగిలి పగిలింది.

"నీ పాడెగట్ట! ఏం రోగమొచ్చిందిర నీకు?" పుష్పమ్మ అట్లకాడ పట్టుకుని మీదపడింది.

"కట్ట తెగుతది వదినె. పిల్లలను తీసుకొని గుట్టెక్కు. జల్దీ!"

"ఏ కట్ట? మన చెరువు కట్టా? కరువుల మూడు నెలలు నెత్తిమీద మన్ను మోసి ఎత్తు జేసినం. నేను గూడ మోసిన. గా కట్ట తెగుతదా?"

వాడంతా అదే ధీమా. డెబ్భై రెండు కరువులో సర్కారు కూలి పనులు పెట్టించి ఆ కట్టను రెండు మూరలు పెంచింది. ఆడా మగా అందరూ తట్టలు మోశారు. మళ్ళీ కరువొస్తే నీళ్ళుంటాయి, వరదొస్తే కట్ట ఆపుతుంది, ఇక మీకు దిగుల్లేదని ఇంజనీరు చెప్పిపోయాడు. ఇప్పుడేమో నాలుగు రోజులుగా పటాన్‌చెరు చుట్టుపక్కలంతా ఆకాశానికి చిల్లు పడినట్టు కురుస్తోంది.

నాగయ్య ఆ చెరువుకు నీరటి. తూము తీసి పొలాలకు నీళ్ళు వదలడం, కట్టకు కాపలా కాయడం తాతల నాటినుంచి వాళ్ళింటి పని. మనిషి మెత్తన. ఎవరు తిట్టినా నవ్వి ఊరుకునే రకం. అలాంటివాడు ఆ పొద్దున కర్ర పట్టుకుని కింది వాడ ఇరవై రెండిళ్ళ మీదా పడ్డాడు. ముందు తన ఇంట్లోనే మొదలుపెట్టాడు. పెళ్ళాం కౌసల్యను జుట్టు పట్టి బయటకు ఈడ్చాడు. తర్వాత కనబడిన తలుపునల్లా తన్నాడు. అడ్డం వచ్చినవాళ్ళను బాదాడు. నడవలేని రామన్నను మంచంలోంచి లాగి భుజాన వేసుకుపోయి, గుట్టమీద ఫ్యాక్టరీ కోసం కడుతున్న రేకుల షెడ్డులో పడేసి వచ్చాడు.

వింటేగా జనం! ముందు తలుపులోంచి తరిమితే పెరటి దారిన మళ్ళీ ఇళ్ళల్లోకి దూరారు.

చివరి ఇల్లు సత్తిబాబుది. గోదావరి వైపునుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికొచ్చి అక్కడ కిరాయికుంటున్నాడు. భార్య వీరలక్ష్మి పదకొండు రోజుల బాలింత.

"పచ్చి బాలింతని ఈ వానలో ఎక్కడికి తీసుకెళ్ళమంటావయ్యా?" సత్తిబాబు గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. "వరదలు మాకు కొత్తా? నిన్న సాయంత్రం నేనూ కట్ట చూసొచ్చాను. మట్టి జారింది కట్ట నడుమ. అక్కడ తెగితే నీళ్ళు పెద్దూరి మీదకి పోతాయి. ఈ మూలకి రమ్మన్నా రావు. ఆ రెండొందల ఇళ్ళవాళ్ళకి చెప్పుకో, పో!"

నాగయ్య చేతిలో కర్ర పడేశాడు.

"గంట గూడ లేదు సారూ. నీ కాల్మొక్త," అంటూ కాళ్ళు పట్టుకున్నాడు. సత్తిబాబు ఛీ అని నెట్టేశాడు.

నాగయ్య లేచి తలతో సత్తిబాబు కడుపులో గుద్దాడు. లోపలికి దూకి, వీరలక్ష్మి పక్కలోంచి పసిగుడ్డును లాక్కుని, గొంగడి కప్పి గుట్టవైపు పరుగు తీశాడు.

"అయ్యో, నా బిడ్డ! నా బిడ్డనెత్తుకుపోతున్నాడు!"

అంతే! అప్పటిదాకా ఇల్లు కదలనివాళ్ళు ఒక్కరు మిగలకుండా కదిలారు. రోకలి, కొడవలి, కట్టెపేడు, చేతికి ఏది దొరికితే అది పట్టుకుని వెంటపడ్డారు. తల్లులు చంకలో పిల్లలతోనే ఉరికారు. ముసలివాళ్ళు తిట్టుకుంటూ గుట్టెక్కారు.

షెడ్డు దగ్గర దొరికాడు. బిడ్డను రామన్న ఒళ్ళో పెట్టి, పారిపోకుండా కూర్చుని ఉన్నాడు. సత్తిబాబు రోకలితో కొట్టిన దెబ్బకు భుజం ఎముక పటుక్కుమంది. పుష్పమ్మ కొడుకు వెంకటేశం మూతిమీద తన్నితే రెండు పళ్ళు రాలాయి. ఎవరో కొడవలి విసిరారు. చెవి తెగి వేలాడింది. నాగయ్య చెయ్యెత్తలేదు. వచ్చినవాళ్ళను వచ్చినట్టు లెక్కపెడుతున్నాడు. "ఇగ ఎవ్వరన్న ఉన్నరా కింద?" అని రక్తం ఉమ్ముతూ అడుగుతున్నాడు.

"సంపుండ్రి వీణ్ణి!" అన్నారెవరో. వెంకటేశం బండరాయి ఎత్తాడు.

అప్పుడొచ్చింది చప్పుడు. కాళ్ళకింద గుట్ట అదిరింది. అందరూ కిందికి చూశారు. చెరువు ఉత్తరపు మూల కట్ట లేదు. ఎర్రటి నీళ్ళు విరుచుకుపడి కింది వాడను కమ్మేశాయి. మొదట నాగయ్య ఇల్లు పోయింది. తర్వాత పుష్పమ్మది. కట్టేసి ఉన్న మేకలు అరుస్తూనే కొట్టుకుపోయాయి. సత్తిబాబు ఇల్లు ఒక్క నిమిషం నిలబడి కూలిపోయింది. ఇరవై రెండిళ్ళలో ఒక్కటి మిగల్లేదు. మనిషి మాత్రం ఒక్కడు పోలేదు. అటు పెద్దూరికి చుక్క నీరు వెళ్ళలేదు.

వెంకటేశం రాయి పడేసి బావురుమన్నాడు. సత్తిబాబు నాగయ్య కాళ్ళదగ్గర కూలబడ్డాడు. వీరలక్ష్మి బిడ్డను గుండెకు అదుముకుంది.

పుష్పమ్మ కొంగు చింపి నాగయ్య చెవికి కట్టు కట్టింది. కళ్ళ నీళ్ళు ఆగడం లేదు ఆమెకు.

"దేవుని లెక్క వచ్చినవ్ మరిదీ. మా కండ్లు నెత్తికెక్కి నిన్ను కొట్టినం. నా పిల్లలను బతికిచ్చిన ఈ చేతులకు మొక్కుత," అంటూ అతని రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకోబోయింది.

నాగయ్య విరిగిన భుజంతోనే చేతులు వెనక్కి లాక్కున్నాడు.

"మొక్కకు వదినె, పెద్దూరు మునగొద్దని పొద్దుగాల పార వట్టుకొని కట్టకు మన దిక్కు గండి కొట్టింది గీ చేతులే."