ముందు నీళ్ళు చూడండి

"ఇది గొడ్డు చేపండీ! ఎన్నిసార్లు గుడ్లు పెట్టినా ఒక్క పిల్లా లేదు. మార్చి ఇంకోటివ్వండి" అంటూ పెద్దాయన చేప ఉన్న నీళ్ళసంచి బల్లమీద పెట్టాడు.

చేపల షాపాయనకి చిర్రెత్తుకొచ్చింది. ఆ నీళ్ళలో పరీక్ష కాగితం ముంచి తీశాడు. పసుపురంగుకి తిరిగింది.

"చూశారా? మీ తొట్టి నీళ్ళలో ఆమ్లం ఎక్కువైంది. ఇందులో గుడ్లు తెల్లబడి చచ్చిపోతాయి. ఒకటీ అరా పిల్లలొచ్చినా వంకర్లు పోతాయి. నోరు లేనిది కదాని తప్పంతా దీని నెత్తిన రుద్దేస్తారా? ముందు నీళ్ళు చూడాలండీ!"

పెద్దాయన చిన్నబోయి, చేపని తీసుకుని వెళ్ళిపోయాడు. షాపాయన మీసం దువ్వుకుంటూ భార్యవైపు తిరిగాడు. ఆమె ఆసుపత్రికి బయల్దేరుతోంది.

"ఆ పరీక్షకి ఎంతసేపు పడుతుందండీ?"

"నిమిషం పట్టదు. ఏం?"

"ఏం లేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ సూదులన్నీ నాకే పొడుస్తున్నారు. మీ ఆయన్ని కూడా తీసుకురమ్మని డాక్టరమ్మ ప్రతిసారీ అంటోంది. మగాడికి పరీక్షలేంటని మీరన్నారుగా, ఇవాళా అదే చెప్పనా?"

అతను షట్టరు దించి, ఆమె వెనకే నడిచాడు. పక్కన నడవడానికి ముఖం చెల్లలేదు.